షాట్‌కీ షాట్‌కీ మధ్య ఏముంది? రాజాం వైపు కెమెరా పట్టే విద్యార్థులకు కంటిన్యుటీ పాఠం

మీడియా కోర్సుల్లో కెమెరా చేతికొచ్చిన కొత్తలోనే దాదాపు అందరికీ ఒక అభ్యాసం ఇస్తారు. ఒక మనిషి తలుపు తీసుకుని గదిలోకి రావాలి, కుర్చీలో కూర్చోవాలి, ఎదుటి మనిషితో నాలుగు మాటలు మాట్లాడాలి. అంతే. దాన్ని ఏడెనిమిది షాట్లుగా తీసి, చూసేవాళ్లకి ఎక్కడా అతుకు కనిపించకుండా కూర్చాలి. వేర్వేరు సమయాల్లో, వేర్వేరు చోట్ల కెమెరా పెట్టి తీసిన ముక్కలు ఒకే చోట, ఒకే ధారగా జరిగినట్టు అనిపించాలి. ఇలా అనిపించేలా తీయడాన్నీ, కూర్చడాన్నీ కలిపి కంటిన్యుటీ అంటారు.

మన వాడల నుంచి ఈ కోర్సులకు వెళ్లేవాళ్లు పెరుగుతున్నారు. కోర్సుతో పని లేకుండా ఫోన్‌తోనే తీస్తున్నవాళ్లు ఇంకా ఎక్కువ. దాడి జరిగిన చోట, భూమి తగాదా దగ్గర, శ్మశానానికి దారి మూసేసిన చోట మొదటి వీడియో ఇప్పుడు మన పిల్లల ఫోన్‌లోనే ఉంటోంది. అందుకే కంటిన్యుటీ మనకు రెండు వైపుల నుంచీ ముఖ్యం. అది తెలియకపోతే మనం తీసింది బయటివాళ్లకు అర్థం కాదు. అది ఎక్కడ వాడకూడదో తెలియకపోతే మనం తీసింది కోర్టులో నిలబడదు.

గదీ తలుపూ వదిలేసి మనకు తెలిసిన చోటునే తీసుకుందాం. సోమవారం అర్జీల రోజు, మండల ఆఫీసు. రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారింది కానీ అర్జీ పట్టుకుని నిలబడడం మాత్రం మారలేదు. శ్మశానం దారి కోసం ఒకామె కాగితం తెచ్చింది. గేటులోంచి వచ్చింది, బల్ల ముందు నిలబడింది, అధికారి కాగితం తీసుకున్నాడు, చదివాడు, ఏదో రాశాడు, ఆమె వెళ్లిపోయింది. స్నేహితులతోనే ఇది నటింపజేసి తీయండి. నిజమైన అర్జీదారుల మీద అభ్యాసం చేయకండి. వాళ్ల పని వాళ్లకుంది.

ఆమెకూ అధికారికీ మధ్య నేల మీద ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఆ గీతకు ఏదో ఒక పక్కనే ఉండాలి. దీన్నే 180 డిగ్రీల సూత్రం అంటారు. మీరు ఒక పక్కన నిలబడ్డంతసేపూ ఆమె తెరకి ఎడమ వైపు ఉండి కుడికి చూస్తుంది, ఆయన కుడి వైపు ఉండి ఎడమకి చూస్తాడు. విడివిడిగా తీసి అతికించినా ఒకరినొకరు చూసుకుంటున్నట్టే ఉంటుంది. ఒక్క షాట్ కోసం గీత దాటి అవతలికి వెళ్లారా, ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ మూడో మనిషితో మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. ఏప్రిల్ 14 ఊరేగింపుకీ ఇదే లెక్క. పాలకొండ రోడ్డులో కుడి పక్కన నిలబడి ఒక షాటూ ఎడమ పక్కకు దాటి ఒక షాటూ తీసి వెంట వెంటనే పెడితే, ఒక జనం వెళ్తుంటే ఇంకో జనం ఎదురొస్తున్నట్టు ఉంటుంది. గొడవకు సంబంధించిన వీడియోలో ఈ పొరపాటు చాలా ప్రమాదం. ఎవరు ఎవరి మీదికి వచ్చారన్నదే అక్కడ ప్రశ్న కదా.

గీత దాటకూడదని కాదు. దాటుతున్నట్టు చూసేవాళ్లకు తెలియాలి. కెమెరా ఆపకుండా నడుచుకుంటూ అవతలికి వెళ్లొచ్చు. లేదా సరిగ్గా గీత మీదే నిలబడి ఎదురుగా ఒక షాట్ తీసి, దాన్ని మధ్యలో పెట్టి, తర్వాత రెండో పక్కకు వెళ్లొచ్చు.

దీనికి తోడు ఇంకో సూత్రం ఉంది. ఒకే మనిషిని రెండు వరుస షాట్లలో చూపించాలంటే కెమెరా చోటు కనీసం 30 డిగ్రీలు మారాలి, లేదా దగ్గర దూరాల్లో బాగా తేడా ఉండాలి. అదే చోట నిలబడి కాస్త ముందుకు జరిగి తీసిన ముక్కను అతికిస్తే మనిషి ఉలిక్కిపడ్డట్టు తెర మీద ఎగురుతాడు. దాన్ని జంప్ కట్ అంటారు. 1960లో గొదార్ తన మొదటి పెద్ద సినిమా 'బ్రెత్‌లెస్'లో కావాలనే అలా కోసి పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు యూట్యూబ్‌లో మాట్లాడేవాళ్లంతా అదే చేస్తారు. సాక్ష్యం చెప్పే మనిషి ఇంటర్వ్యూలో మాత్రం ప్రతి జంప్ కట్టూ 'ఇక్కడ ఏదో తీసేశారు' అని అరిచి చెబుతుంది. ఒక్కోసారి అలా చెప్పడమే నిజాయితీ. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

అర్జీ బల్ల దగ్గర పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. కెమెరా ఎత్తు. అధికారి కూర్చుని ఉంటాడు, ఆమె నిలబడి ఉంటుంది. లేదా ఆయన కుర్చీలో, జనం వరండాలో నేల మీద. నిలబడి ఉన్న మనిషి ఎత్తులోనే ఫోన్ పట్టి నేల మీద కూర్చున్నవాళ్లను తీస్తే వాళ్ల నడినెత్తులు కనిపిస్తాయి. వార్తా చానళ్లు బాధితులను చూపించే తీరు చాలావరకు ఇదే.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు వీడియో నేర్చుకున్నప్పుడు ఈ కోణాలకు తమవైన పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ పటేల్ షాట్. ఊరి పటేలు జనాన్ని చూసే చూపు అది కాబట్టి. కిందనుంచి పైకి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు కాబట్టి. 2001లో వాళ్లు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని మనం పరీక్షలో రాసే మూడు ముక్కల్లో లేని సమాజ శాస్త్రం ఆ పేర్లలో ఉంది. నా దృష్టిలో తెలుగులో కెమెరా గురించి ఇంతకన్నా పదునైన సిద్ధాంతం రాలేదు. అర్జీ సన్నివేశం మొత్తం సంఘం షాట్‌లో తీసి చూడండి. మీరు మోకాళ్ల మీద కూర్చోవాల్సి వస్తుంది, అంతే ఖర్చు.

ఆ సన్నివేశాన్నే ఎడిట్‌లో చూద్దాం. ఒకరు మాట్లాడే షాట్, ఎదుటివాళ్లు వినే షాట్ మార్చి మార్చి పెట్టడాన్ని షాట్-రివర్స్ షాట్ అంటారు. రివర్స్ షాట్ ఎవరికి దక్కుతుందన్నది ఎడిటర్ చేతిలో ఉంటుంది. అధికారి మాట్లాడుతున్నప్పుడు ఆమె ముఖం మీదికి కోస్తే ఆయన మాటల్ని ఆమె ఎలా తూకం వేస్తోందో మనకు తెలుస్తుంది. అసలు కోయకపోతే ఆమె ఒక కాగితం పట్టుకున్న చెయ్యి మాత్రమే. ఇంకో మెలిక కూడా ఉంది. టీవీ ఇంటర్వ్యూల్లో విలేకరి తల ఊపుతున్న షాట్లు చాలాసార్లు ఇంటర్వ్యూ అయ్యాక విడిగా తీసి అతికిస్తారు. అతుకు కప్పడానికి వాడే ఈ పద్ధతి మామూలు ముచ్చట్లకు సరే. ఒక అధికారి ఫిర్యాదు విని తల ఊపినట్టు, ఊపని తలను అతికిస్తే అది అబద్ధం.

చూపు మీద నడిచే ఇంకో అతుకు ఐలైన్ మ్యాచ్. మనిషి తెర బయటికి చూస్తాడు, తర్వాతి షాట్ అతను చూసిన వస్తువు. రష్యాలో 1920ల ముందూ వెనకా కులెషోవ్ చేసిన ప్రయోగం అందరూ చదివిందే. ఒకే నటుడి ముఖం పక్కన సూప్ గిన్నె, శవపేటిక, స్త్రీ షాట్లు పెడితే, చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక చదువుకున్నారు. ముఖం ఒక్కటే. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా 'ఫాండ్రీ' చూసినప్పుడు ఈ పాఠం గుర్తు పెట్టుకోండి. పందిని పట్టే కుటుంబాన్ని ఊరంతా నిలబడి చూసి నవ్వే ఆ పొడుగాటి సన్నివేశంలో ఎవరు ఎవరిని చూస్తున్నారన్నదే కథ. చివరికి జబ్యా విసిరిన రాయి కెమెరా మీదికే వస్తుంది. అంతసేపూ చూపుల లెక్క తప్పకుండా కూర్చారు కాబట్టే ఆ రాయి మనకు తగులుతుంది. సూత్రం తెలిసినవాడు దాన్ని విరిచాడు.

ఇక చేతిపని. యాక్షన్ మ్యాచ్ అంటే ఒక కదలిక మొదటి సగం ఒక షాట్‌లో, రెండో సగం ఇంకో షాట్‌లో ఉండేలా కోయడం. కన్ను కదలికను వెంబడిస్తుంది, అతుకును గమనించదు. దీనికి మన వైపు గోగునార పనిని మించిన అభ్యాసం నాకు తోచలేదు. రాజాం చుట్టూ గోగు బాగా పండిన రోజులున్నాయి, జూట్ మిల్లులు అందుకే వచ్చాయి. కోసిన గోగు కట్టలను చెరువులోనో గెడ్డలోనో రోజుల తరబడి ఊరవేస్తారు. ఊరాక కూలీలు నడుము లోతు కంపు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరేస్తారు. ఒకామె కట్ట పైకెత్తే చెయ్యిని దూరం నుంచి తీయండి. మళ్లీ అదే కదలికను మొదటినుంచి చివరిదాకా దగ్గరినుంచి తీయండి. చెయ్యి భుజం దాకా వచ్చిన చోట కోసి అతికించండి. రెండు షాట్లలోనూ కదలిక మొత్తం ఉండాలి. సగం సగం తీస్తే అతకదు.

ఈ పనిలో తప్పులన్నీ నీళ్లే చూపిస్తాయి. మొదటి షాట్‌లో చీర మోకాలి దాకా తడి, రెండో షాట్‌లో నడుము దాకా తడి, మూడోదానిలో మళ్లీ పొడి. పొద్దున తీసిన షాట్‌లో నీడ పడమటికి పడుతుంది, మధ్యాహ్నం దాటాక తూర్పుకి. మీరు పెట్టుకున్న వరుసలో పొద్దునా సాయంత్రం కలిసిపోతే ఆమె ఎన్ని గంటలు నీళ్లలో నిలబడిందన్న సంగతే పోతుంది. ఆ గంటలే ఆమె కూలి. అందుకే సినిమా సెట్ మీద కంటిన్యుటీ చూడడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటారు. షాట్ నంబరు, టేకు, ఏ చేతిలో ఏముంది, కొంగు ఎటు ఉంది, నీడ ఎటు ఉంది, అన్నీ రాస్తారు. మనకు ఒక నోట్‌బుక్కు, ప్రతి షాట్ చివర ఫోన్‌లో ఒక ఫోటో చాలు.

ఫోన్‌తో తీసేటప్పుడు ఇంకో చిక్కు. ఫోను తనంతట తాను వెలుగూ రంగూ సర్దుకుంటూ ఉంటుంది. నల్లని ముఖం మీద ఒకసారి, వెనకున్న ఆకాశం మీద ఒకసారి. ఒక షాట్‌లో మనిషి నీలంగా, తర్వాతి షాట్‌లో పచ్చగా కనిపిస్తాడు. తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి. వెలుగు లెక్క ఆకాశానికి కాకుండా ముఖానికి కట్టండి. మన ఒంటి రంగు మసిబారిపోవడానికి సగం కారణం ఈ ఆటోమేటిక్ సర్దుబాటే.

శబ్దానికీ కంటిన్యుటీ ఉంటుంది. డప్పు తీసిన ఎవరికైనా ఇది అనుభవమే. చర్మాన్ని మంట మీద కాచాక మోత గట్టిగా, పదునుగా ఉంటుంది. వాయిస్తూ పోయేకొద్దీ చర్మం వదులై మోత దిగుతుంది, మళ్లీ కాస్తారు. కాచిన వెంటనే తీసిన షాటూ అరగంట తర్వాత తీసిన షాటూ పక్కపక్కన పెడితే రెండు వేర్వేరు డప్పులనిపిస్తాయి. పాట మొత్తం ఆపకుండా ఒక్కసారి రికార్డు చేసుకుని, బొమ్మలను ఆ శబ్దం మీద పేర్చడం మంచిది. ఎక్కడ తీసినా ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య గుంతలు అదే పూడుస్తుంది.

భాష కూడా ఇందులోకే వస్తుంది. "ఏటయిందంటే, ఆలు ఒచ్చీసినారు" అని తెర మీద మనిషి చెబుతుంటే కింద అక్షరాల్లో "ఏం జరిగిందంటే, వారు వచ్చేశారు" అని దిద్ది వేయడం చాలాచోట్ల చూస్తున్నాను. శ్రీకాకుళం నేల మీద దళిత అన్నదమ్ముల కథగా కరుణకుమార్ తీసిన 'పలాస 1978' 2020లో వచ్చింది. కథానాయకులు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడితే తెలుగు ప్రేక్షకులకు అర్థం కాకపోలేదు. సాక్ష్యం చెప్పేవాళ్ల మాటను దిద్దే హక్కు మనకెక్కడిది?

ఇప్పుడు మొదటి షాట్ సంగతి. సన్నివేశం ఎక్కడ జరుగుతోందో చూపే దూరపు షాట్‌ను ఎస్టాబ్లిషింగ్ షాట్ అంటారు. దళితుల మీద దాడుల వార్తల్లో చాలా తరచుగా లేనిది ఇదే. నేరుగా ఏడుస్తున్న తల్లి ముఖంతో మొదలుపెడతారు. రాజాం నియోజకవర్గంలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటను తీసుకోండి. 2012 జూన్ 12న అక్కడ దళితుల మీద దాడి జరిగింది, ఐదుగురు చనిపోయారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం సేకరించి, మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకోవడం ఆ దాడికి మూలం. ఈ విషయం మీద ఎవరైనా ఇవాళ ఒక చిత్రం తీస్తే మొదటి షాట్ ఏది కావాలి? శవాలు కావు, సమాధులు కూడా కావు. సువర్ణముఖి మీద కట్టిన ఆ జలాశయం, నీటి అంచు, ఆ అంచు దాకా వచ్చిన పొలం, పొలానికీ వాడకీ మధ్య ఎంత దూరం, వాడకీ మిగతా ఊరికీ మధ్య ఏ దారి. ఇవి ఒకే దిక్కు లెక్కతో, గీత దాటకుండా చూపిస్తే, తర్వాత వచ్చే ప్రతి ముఖం ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో చూసేవాళ్లకు తెలుస్తుంది. భూమి కనపడకపోతే దాడి రెండు గుంపుల కొట్లాటగా మిగిలిపోతుంది.

ఒక్క మినహాయింపు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. అలాంటి కేసులో ఊరి బోర్డు, వీధి, ఇంటి తలుపు రంగు కూడా గుర్తింపే. ముఖం మసక చేసి ఇల్లు స్పష్టంగా చూపించే వీడియోలు మనవాళ్లూ పెడుతున్నారు.

కంటిన్యుటీ కథలో మనం మర్చిపోకూడని చరిత్ర కొంత ఉంది. ఎడ్విన్ పోర్టర్ 1903లో 'లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మ్యాన్' తీశాడు. మంటల్లో చిక్కిన తల్లినీ బిడ్డనీ కాపాడే ఘట్టాన్ని ముందు ఇంటి లోపలినుంచి మొత్తం చూపించి, మళ్లీ మొదటినుంచి బయటినుంచి చూపించాడు. ఒకే పని రెండుసార్లు జరుగుతుంది. తర్వాత ఎవరో ఆ లోపలి, బయటి షాట్లను ముక్కలు చేసి, అటూ ఇటూ కోసి ఒకే ధారగా కూర్చారు. ఆ ప్రతి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉండడంతో చరిత్రకారులు దాన్నే అసలుదనుకుని, అటూ ఇటూ కోసే పద్ధతి పోర్టర్‌దేనని దశాబ్దాల పాటు రాశారు. కాపీరైట్ కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాచిన కాగితపు ప్రతి చూశాక గానీ అసలు వరుస తేలలేదు. సినిమా పండితులనే మోసగించిన అతుకు అది.

గ్రిఫిత్ 1915లో తీసిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' ఇంకా ఘోరం. చివరి నిమిషపు రక్షణ కోసం రెండు చోట్లను మార్చి మార్చి చూపే పద్ధతిని అంత నేర్పుగా వాడి, ప్రేక్షకుణ్ణి కూ క్లక్స్ క్లాన్ గుర్రాల మీద ఎక్కించాడు. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఆ సినిమా మీద ఉద్యమించింది. అదే ఏడాది క్లాన్ మళ్లీ పుట్టింది. కోర్సుల్లో ఆ సినిమాను ఎడిటింగ్ గొప్పతనానికి ఉదాహరణగా చూపించి, మిగతాది ఒక వాక్యంలో దాటేస్తారు. అతుకు కనిపించకపోవడం వల్లే ఆ ద్వేషం సహజంగా అనిపించిందన్నది పాఠంలో భాగం కావాలి.

ఇక్కడినుంచి సాక్ష్యం సంగతి. 1991 మార్చి 3న లాస్ ఏంజెలిస్‌లో రాడ్నీ కింగ్‌ను పోలీసులు కొడుతుంటే జార్జ్ హాలిడే తన బాల్కనీ నుంచి తీశాడు. టీవీలో పదేపదే వచ్చిన ముక్కలో, కింగ్ లేచి కదిలినట్టున్న మొదటి కొన్ని మసక క్షణాలు లేవు. కోర్టులో డిఫెన్స్ లాయర్లు మొత్తం టేపు తెచ్చి, ఆ క్షణాలను చూపించి, మిగతాదాన్ని ఫ్రేము ఫ్రేముగా ఆపుతూ ప్రతి దెబ్బకూ ఒక కారణం చెప్పారు. 1992 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర కోర్టు విచారణలో నలుగురు పోలీసుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు. మసకగా ఉందని తీసేసిన ముక్క అవతలివాళ్ల చేతిలో ఆయుధమైంది. మన దగ్గర 2016 ఫిబ్రవరి జేఎన్‌యూ వ్యవహారంలో, ఢిల్లీ ప్రభుత్వం పంపిన వీడియోలను హైదరాబాద్‌లోని ట్రూత్ ల్యాబ్స్ పరీక్షించి, వాటిలో రెండింటిని మార్చారని తేల్చింది. అదే ఏడాది జూలైలో ఊనాలో దళితులను కారుకు కట్టి కొట్టిన వీడియో కొట్టినవాళ్లే తీసి తిప్పుకున్నది. అక్కడ కెమెరా ఏ పక్కన ఉందో చెప్పనక్కర్లేదు. అయినా అతుకుల్లేని ఆ రికార్డే వాళ్ల మీద సాక్ష్యమైంది.

అందుకని పని రెండుగా విడదీయండి. ఒకటి రికార్డు, రెండు చిత్రం. సంఘటన జరుగుతున్నప్పుడు కంటిన్యుటీ గురించి ఆలోచించకండి. ఆపకుండా తీయండి. జూమ్ వద్దు. వీలైతే మొదట్లోనో చివరనో చుట్టూ తిప్పి చోటు చూపించండి, తేదీ, సమయం, ఊరు నోటితో చెప్పండి. ఆ ఫైలును ముట్టుకోకండి, పేరు కూడా మార్చకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, ఫైలు వెనకున్న వివరాలు పోతాయి. పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి, అసలుదాన్ని ఫోన్‌లోనూ ఇంకో రెండు చోట్లా దాచండి.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటి అంకెలూ అక్షరాల వరుస. ఫైలులో ఒక్క ఫ్రేము మారినా అది మారిపోతుంది. సర్టిఫికెట్ విషయంలో పాత చట్టం సెక్షన్ 65-బి కింద సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో ఇచ్చిన తీర్పు విద్యార్థులు చదవదగ్గది. కెమెరా మనవైపే ఉండాల్సిన చోటు ఇంకొకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో సెక్షన్ 15ఎ(10) ఈ చట్టం కింద నేరాల విచారణలన్నీ వీడియో రికార్డు చేయాలంటుంది. మీ జిల్లా ప్రత్యేక కోర్టులో అది జరుగుతోందా అని అడగడానికి కెమెరా నేర్చుకున్నవాళ్లే ముందుండాలి.

రెండోది చిత్రం. ప్రచారానికో, యూట్యూబ్‌కో, డిసర్టేషన్‌కో తీసేది. ఇందులో పైన చెప్పిన సూత్రాలన్నీ వాడండి, అసలు ఫైలు నకలు మీద మాత్రమే. ఉచితంగా దొరికే డావిన్సీ రిజాల్వ్, కేడెన్‌లైవ్ చాలు. ఇంటర్వ్యూలో మాట తీసేసిన చోట అతుకు కప్పడానికి వేరే బొమ్మ వేయకుండా, జంప్ కట్‌ను అలాగే ఉంచండి, లేదా ఒక క్షణం నల్ల తెర వేయండి. వేరే రోజు తీసిన పొలం షాట్ వేస్తే మూలన తేదీ వేయండి. మళ్లీ నటింపజేసిన ముక్కైతే అది తెర మీద రాయండి. ఆనంద్ పట్వర్ధన్ 'జై భీమ్ కామ్రేడ్'ను పద్నాలుగేళ్లు తీశాడు. 1997 జూలై 11న ముంబై రమాబాయి నగర్ కాల్పుల్లో పదిమంది చనిపోయిన దగ్గర్నుంచీ మనుషుల జుట్టు నెరవడం, పిల్లలు పెద్దవాళ్లవడం అందులో కనిపిస్తుంది. అన్నేళ్ల తేడాను అతుకుల కింద దాచాల్సిన అవసరం ఆయనకు రాలేదు. కేసు ఎంత సాగిందో ఆ ముఖాలే చెబుతాయి.

రాజాం వైపు ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఒక ఫోను, ఒక నోట్‌బుక్కు, ఇద్దరు స్నేహితులతో అర్జీ సన్నివేశం తీయండి. తర్వాత గోగునార, తర్వాత డప్పు. మూడూ అయ్యాక మీ వాడ నుంచి శ్మశానం దాకా, లేదా వాడ నుంచి మీ తాతలు దున్నిన పొలం దాకా దారి మొత్తం ఆపకుండా ఒక్క షాట్‌లో నడిచి తీసి, తేదీ వేసి, హ్యాష్ రాసుకుని దాచండి. ఏటా అదే నెలలో, అదే చోటి నుంచి మళ్లీ తీయండి.